నిద్ర పోతివా అని అడిగే మనిషి

మొన్న హిందూపురం బస్టాండు పక్కనున్న టీ అంగడి దగ్గర నిలబడి ఉంటే వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "ఏమప్పా, రాత్రి నిద్ర పోతివా?" గ్లాసు చేతిలో ఉండగానే వెనక్కి తిరిగాను. ముక్కూ మొహం తెలియని మనుషులిద్దరు. ఒకాయన ఇంట్లో పసిబిడ్డకు జ్వరమట, రాత్రంతా భుజాన వేసుకుని తిరిగాడట. వాళ్ల మాటల్లో వాళ్లు పడిపోయారు. నేను మాత్రం టీ సంగతి మరిచిపోయి అక్కడే ఉండిపోయాను.

మా వైపు మనిషి ఎదురుపడితే "తింటివా?" అని అడుగుతారు. పొద్దునైనా అంతే, మధ్యాహ్నమైనా అంతే. తినకపోయినా "తింటి" అనేస్తాం. అడిగినవాడు ఆ జవాబు వినకముందే ఇంకో మాటలోకి పోతాడు. నిద్ర గురించి అడిగే మనిషి, అడిగి జవాబు వచ్చేదాకా మొహంలోకి చూస్తూ నిలబడే మనిషి, నా ఎరుకలో ఒక్కడే ఉండేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. నలభై కూడా నిండలేదు.

పేరు రాయను. ఆయన పేరుతో నాకు ఎప్పుడూ పని పడలేదు. అన్నా అంటే పలికేవాడు.

పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో నేను డిప్లొమా అయిపోయి చేరినప్పుడు ఆయన మా లైనుకు లీడరు. ఊరు పరిగి పక్క పల్లె. వానను నమ్ముకున్న కొంచెం చేను, ఒక బోరు, వాళ్ల నాయన మేపే గొర్రెలు. రోజూ మోటారుసైకిలు మీద హిందూపురం వచ్చి, బండి స్టాండులో పెట్టి, కంపెనీ బస్సెక్కేవాడు. నాది ధర్మవరం. హిందూపురంలో గది తీసుకుని ఉండేవాణ్ణి. మొదటి రోజు బస్సులో ఎక్కడ కూర్చోవాలో తెలియక తచ్చాడుతుంటే, వెనక వరుసలోంచి ఒక చెయ్యి ఖాళీ సీటును తట్టింది.

"ఈడ కూచో అబ్బా. ఈ పక్క అయితే సోమందేపల్లి దాకా ఎండ తగల్దు."

ఆ తర్వాత అది నా సీటైపోయింది.

మనిషి సన్నగా, నిటారుగా ఉండేవాడు. పొట్ట అన్నది లేదు. ఫ్యాక్టరీ గ్రౌండులో వాలీబాలు ఆడితే ఎగిరి కొట్టిన బంతిని తీయడానికి ఇద్దరు కావాలి. అలాంటివాడికి ఒంట్లో బాగాలేదని ఎవరైనా అంటే నవ్వేవాళ్లం. ఆయనే అందరికంటే ముందు నవ్వేవాడు.

బస్సు సోమందేపల్లి చేరకముందే టిఫిన్ డబ్బా మూత తీసేవాడు. ఇంటినుంచి వచ్చిన రాగిముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి నా ఒళ్లో పెట్టి, తాను స్టాండు దగ్గర కొన్న బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం విప్పుకునేవాడు. "ముద్ద మా నాయన తింటాడబ్బా. నేను కంపెనీలో పని చేస్తాండా కదా" అనేవాడు. సిగరెట్టు ప్యాకెట్టు ఎన్నడూ కొనలేదు. ఒక్కొక్కటే కొనేవాడు. ప్యాకెట్టు కొనేవాడు సిగరెట్టు తాగేవాడట, ఒకటి కొనేవాడు ఊరికే రుచి చూసేవాడట. రోజుకు ఎన్ని రుచులు చూసేవాడో ఎవరూ లెక్కపెట్టలేదు.

మా ఫ్యాక్టరీలో వారానికొక షిఫ్టు మారుతుంది. రాత్రి షిఫ్టు దిగి మేమందరం గదులకు పోయి దుప్పటి ముసుగేస్తే ఆయన నేరుగా చేనికి పోయేవాడు. పగటిపూట కరెంటు ఇచ్చే గంటల్లోనే మోటారు వేయాలి. తర్వాత మందుల అంగడికో, బ్యాంకుకో, కూతురి బడికో. మధ్యాహ్నం మంచం మీద కాసేపు నడుం వాల్చి మళ్లీ బస్సు. అన్నా, నిద్ర చాలుతుందా అని అడిగితే ఆయన దగ్గర ఒక జవాబు ఉండేది.

"నిద్రదేముండాదబ్బా. అది యాడికీ పోదు. మనకోసరమే కాసుకోనుంటాది."

ఇంకేం అడిగినా "ఏం కాదులే" అనేవాడు. ఆ మాటను ఆయన ఎన్ని రకాలుగా పలికేవాడో. మిషను ఆగిపోతే ఒక రకం, మేనేజరు కేకలేస్తే ఒక రకం, మాలో ఎవడైనా ఇంటి బెంగతో మొహం వేలాడేసుకుంటే భుజం మీద చెయ్యేసి మెత్తగా ఇంకో రకం. ఆ మాట విన్నాక నిజంగానే ఏమీ కాదనిపించేది. నాకు ఆయన మీద ఇష్టం కలగడానికి మొదటి కారణం అదే.

ఆ మాటే ఆయన్ను ముంచింది.

ముప్పై నాలుగేళ్ల వయసులో, ఒక పొద్దున బస్సులో దవడ పట్టుకుని కూర్చున్నాడు. ఏమన్నా అని అడిగితే పన్ను నొప్పి అన్నాడు. ఫ్యాక్టరీకి పోయాక క్యాంటీనులో లవంగం అడిగి తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు. ఎడమ భుజం కూడా లాగుతోందన్నాడు, రాత్రి బస్తాలు ఎత్తినందువల్ల అన్నాడు. చొక్కా వీపున తడిసిపోయి ఉంది. ఫస్ట్ ఎయిడ్ గదిలోని నర్సమ్మ ఒకసారి పెద్దాసుపత్రికి పోయి చూపించుకోమంది. ఏం కాదులే అన్నాడు. చేతిలో ఉన్న విడిభాగాల లాటు చెక్ చేయడం అయిపోతే పోతానన్నాడు. అది అయ్యేసరికి భోజనాల వేళ దాటింది. లేచి నిలబడబోయి, బల్ల అంచు పట్టుకుని, ఎవరో కింద కూర్చోబెట్టినట్టు మెల్లగా నేల మీద కూర్చున్నాడు. బుగ్గన లవంగం ఇంకా అట్లాగే ఉంది. అంబులెన్సు హైవే మీద బెంగళూరు వైపు పోతుంటే నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను.

గుండెపోటు అని అక్కడ చెప్పారు. స్టెంటు వేశారు. బతికి బయటపడ్డాడు.

పరిగినుంచి వాళ్ల నాయన వచ్చి ఆసుపత్రి వరండాలో తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి, రోజూ గొర్రెల వెనక మైళ్లు నడిచే కాళ్లు. ఎవరు పలకరించినా ఒకటే మాట. "నాకు రావల్సింది వానికి వచ్చినట్టుండాది సామీ. యాడనో తప్పు జరిగినట్టుండాది."

రెండు నెలలకు అన్న మళ్లీ పనిలోకి వచ్చాడు. బస్సెక్కి, తన సీట్లో కూర్చుని, నా మొహంలోకి కాసేపు చూశాడు. నేను ఆరోగ్యం ఎలా ఉందని అడగబోతుంటే తనే అడిగాడు.

"నిద్ర పోతివా?"

నాకు అర్థం కాలేదు. సెకండ్ షిఫ్టు చేసి పడుకునేసరికి చాలా పొద్దుపోయిందని, ఫోను చూస్తూ ఇంకాస్త ఆలస్యమైందని చెప్పాను.

"ఆస్పత్రిలో మంచానికి కట్టేసినట్టు పండుకోబెట్నారు. పెండ్లయినాక అంత నిద్ర ఎప్పుడూ పోలేదబ్బా నేను. లేసి చూస్తే లోకమే వేరేగా అగుపడె." కాసేపు కిటికీలోంచి చూసి మళ్లీ అన్నాడు. "డాక్టరు అన్నీ అడిగినాడు. సిగరెట్టు తాగితే ఏమైతాదనుకుంటివి, నిద్ర లేకుంటే ఏమైతాదనుకుంటివి, బీపీ ఎందుకు చూపిచ్చుకోలేదు, దినామూ నూనెవి తింటే ఏమైతాదనుకుంటివి అని. అన్నిటికీ ఒకటే జవాబు చెప్పేసరికి ఆయప్పకే నవ్వొచ్చె."

"ఏం జవాబు?"

"ఏం కాదులే అనుకుంటి సార్ అని."

ఆ రోజునుంచి డబ్బాలోని ముద్ద ఆయనే తిన్నాడు. నాకు బస్సులో టిఫిన్ పోయింది.

షిఫ్టులు చేయలేనని, పగటి పనిలో వేయమని అడిగాడు. వేశారు, కానీ లీడరు పని తీసేశారు. దాన్ని నాకిచ్చారు. ఆ సంగతి ఆయనకెలా చెప్పాలా అని నేను ముళ్ల మీద కూర్చున్నట్టు ఉంటే, ఆయనే వచ్చి నా బల్ల మీద తన పాత టేపూ, కొలతలు చూసే వెర్నియరూ పెట్టాడు. "బాగా చూసుకో. అయితే ఒకటి. ఈ పనిలో కూచున్నోడు నిద్రపోడు. నువ్వన్నా నిద్రపో" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. నాకప్పుడు ఇరవై తొమ్మిది. కొత్త పదవి. ఆయన చేసినట్టే నేనూ చేయాలనుకున్నాను, జబ్బు పడకముందు చేసినట్టు.

ఫ్యాక్టరీలో ఆయనకు కొత్త పేరు వచ్చింది, నిద్ర డాక్టరు. గేటు బయట ఆయన కనపడితే చేతుల్లోని సిగరెట్లు వీపుల వెనక్కి పోయేవి. ఆయన కోప్పడేవాడు కాదు. దగ్గరికి వచ్చి నిలబడి, ఆ పొగ పీల్చి, "ఇది మంచి సరుకే" అని పోయేవాడు. దానికంటే తిట్టినా బాగుండేది. కొత్తగా చేరిన పిల్లలకు మాత్రం ఒకటి చెప్పేవాడు, పన్ను నొప్పి అని ఎప్పుడైనా పట్టుకుంటే చెమట కూడా పడుతోందా అని ముందు చూసుకోండి అని. వాళ్లకు తలా తోకా అర్థమయ్యేది కాదు.

ఒకసారి నెలవారీ మీటింగులో మేనేజరు టార్గెట్ల గురించి చెబుతున్నాడు. ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా అని చివర్లో అడిగాడు. ఎవరూ ఏమీ చెప్పరని తెలిసి అడిగే ప్రశ్న అది. అన్న లేచాడు.

"సార్, షిఫ్టు వారానికొకసారి మారిస్తే ఒంటికి రేత్రేదో పగలేదో తెలీకుండా పోతాది. రెండు మూడు వారాలకొకసారి మారిస్తే పిల్లోళ్లకు కొంచెం నిద్ర పడతాది."

మేనేజరు ప్రొడక్షను, హెడ్డాఫీసు అని రెండు ముక్కలు చెప్పాడు. అన్న అంతా విని, కూర్చోకుండా, "మీరు నిద్ర పోతిరా సార్?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. మేనేజరు నవ్వలేదు. నలభై ఐదేళ్ల మనిషి, కళ్ల కింద నల్లగా గుంటలు. కాగితాలు సర్దుకుంటూ, తల ఎత్తకుండా, "లేదప్పా" అన్నాడు. షిఫ్టులేమీ మారలేదు. కానీ ఆ సాయంత్రం ఇద్దరూ గేటు లోపల రోడ్డు మీద మాట్లాడుకుంటూ నడవడం చూశాం. ఆ తర్వాత అది వాళ్లకు అలవాటైంది.

ఆయన్ను యోగిలా చూపించడం నాకిష్టం లేదు. ఒక రోజు సోమందేపల్లిలో బస్సు ఆగినప్పుడు దిగి చూస్తే, బస్సు వెనక నిలబడి మిరపకాయ బజ్జీ తింటున్నాడు. నన్ను చూసి చెయ్యి దించాడు.

"ఇది నాది కాదబ్బా. ఒకాయప్ప పట్టుకోమని ఇచ్చిపోయినాడు."

"సగం కొరికి ఇచ్చినాడా అన్నా?"

"ఊ. వానికి గుండె జబ్బంట పాపం."

ఇద్దరం బస్సు వెనక నవ్వుకున్నాం. మిగతా సగం నేను తిన్నాను.

ఒక ఆదివారం ఇద్దరం పెనుకొండ కొండ ఎక్కాం. ఎక్కుదాం రమ్మని పిలిచింది ఆయనే. వానాకాలం చివర. దారిపొడుగునా సీతాఫలం చెట్లు కాయల మీద ఉన్నాయి. ఆయన మాటిమాటికీ ఆగేవాడు. ఒకచోట కాయ పండుకొచ్చి కన్ను విచ్చిందా లేదా అని చూసేవాడు. ఇంకొకచోట పాత కోటగోడ రాళ్లు ఎట్లా పేర్చారో చూడమనేవాడు. "ఆడ చూడు, మన ఫ్యాక్టరీ రేకులు మెరుస్తాండాయి" అని వేలు చూపించి, వేలు దించకుండా చాలాసేపు అట్లాగే నిలబడేవాడు. నాకు విసుగొచ్చింది. ఇట్లాగైతే సాయంత్రానికి కూడా పైకి చేరమన్నాను. "చేరకుంటేనేమబ్బా, ఈడ బాగలేదా?" అన్నాడు. సగం కొండ దగ్గర బండ మీద కూర్చుని తెచ్చుకున్న చిత్రాన్నం తిని దిగొచ్చేశాం. మనిషికి ప్రకృతి మీద ఇంత ప్రేమ ఎప్పటినుంచి అనుకున్నాను.

ఆ తర్వాతి ఎండాకాలం ధర్మవరంలో మా చిన్నాన్న కొడుకు పెళ్లి. అంతకుముందు వారమంతా నాది నైట్ షిఫ్టు. అది దిగి నేరుగా పెళ్లి పనుల్లో పడ్డాను. షామియానా, వంటవాళ్లు, బెంగళూరునుంచి వచ్చే చుట్టాలు. టీ, సిగరెట్టు, మళ్లీ టీ. ముహూర్తం నాటి పొద్దుటినుంచి రొమ్ములో మంట మొదలైంది. రాత్రి తిన్న పరోటాలు అరగలేదనుకుని సోడా తాగాను. తేన్పు వస్తే తగ్గిపోతుందనుకున్నాను. తేన్పు వచ్చింది, మంట తగ్గలేదు. ఇంట్లో ఎవరితోనూ చెప్పలేదు. పెళ్లిలో గ్యాసు గురించి ఎవరికి చెబుతాం.

అన్న పరిగినుంచి పొద్దున్నే వచ్చాడు. మధ్యాహ్నం మొదటి బంతిలో ఆయన్ను కూర్చోబెట్టాను. ఆకు వేశారు, ఓళిగ వేశారు, నెయ్యి పోశారు. నేను చిత్రాన్నం బకెట్టు పట్టుకుని వడ్డిస్తూ ఆయన ముందుకు వచ్చాను. గరిటె ముంచబోతే బకెట్టు పట్టుకున్న ఎడమ చెయ్యి నాది కానట్టు అనిపించింది. ఆయన ఆకులోకి చూడలేదు, నా మొహంలోకి చూశాడు.

"ఏమబ్బా, ఆ చెమటేంది?"

"ఎండ కదన్నా. కొంచెం గ్యాసు. సోడా తాగినా."

"ఎప్పటినుంచి?"

"పొద్దుటినుంచి."

ఆయన ఆకు ముందునుంచి లేచాడు. వడ్డించిన ఆకు ముందునుంచి ముద్ద ముట్టకుండా లేవడం మా వైపు చిన్న విషయం కాదు. చిన్నాన్న అవతలి వరుసనుంచి పరుగున వచ్చాడు. "ఏమప్పా, ఏం తక్కువాయె? ఆకు ముందునుంచి లేస్తారా ఎవరన్నా?"

"తక్కువేం లేదు పెద్దాయనా. మళ్లొచ్చి తింటా. ఈయప్పని ఒకసారి చూపిచ్చుకోనొస్తా." అప్పటికే బకెట్టు నా చేతిలోంచి తీసి కింద పెట్టాడు. నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం కాదులే అన్నా" అన్నాను నేను.

"ఆ మాట నాది. నువ్వు వాడద్దు."

గొంతు పెంచలేదు. కానీ పట్టు వదల్లేదు. కల్యాణమండపం బయట ఆటో ఎక్కించాడు. మా బావ విషయం తెలియకపోయినా మోటారుసైకిలు మీద వెనకే వచ్చాడు. ఆటోలో నొప్పి పెరిగింది. రొమ్ము మీద ఎవరో మోకాలు ఆనించి కూర్చున్నట్టుంది. నేనేదో చెప్పబోయాను. మా అమ్మ గురించి అనుకుంటాను. ఆయన నా చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"మాట్లాడద్దు. ఊపిరి తీసుకో సాలు. భయమైతాందా?"

తల ఊపాను.

"నాకూ అయితాండాది. ఇద్దరమూ భయపడితే ఆటో యాడికీ పోదబ్బా. ఈ పొద్దుకి భయం నాకిడిసిపెట్టు. నేను పడతా. నువ్వు ఊరికే కూచో."

ఇప్పుడు తలుచుకుంటే చిత్రంగా ఉంటుంది కానీ, ఆ మాటకు నా ఒళ్లు నిజంగానే కొంచెం వదులైంది. మోస్తున్న బరువు ఒకటి పక్కవాడు అందుకున్నట్టు.

ధర్మవరంలో చిన్న ఆసుపత్రి. ఈసీజీ కాగితం చేతిలో పట్టుకుని డ్యూటీ డాక్టరు నా వయసు రెండుసార్లు అడిగాడు. ముప్పై ఒకటి. మాత్రలు నమిలించారు, ఇంజెక్షను ఇచ్చారు, అనంతపురానికి అంబులెన్సు ఎక్కించారు. అన్న కూడా ఎక్కాడు. సాయంత్రానికి స్టెంటు వేశారు. వేళకు తెచ్చారు కాబట్టి గుండెకు పెద్ద నష్టం లేదని అక్కడి డాక్టరు మా బావతో చెప్పాడు. అన్న ఆ మాట వినగానే వరండా చివరిదాకా నడిచిపోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడట.

నేను కోలుకున్నాను. సిగరెట్టు మానేశాను. రాత్రి షిఫ్టులు మానేశాను. అంటే లీడరు పని నాకూ పోయింది. ఇద్దరం మళ్లీ వెనక వరుసలో పక్కపక్కనే కూర్చున్నాం, ఇద్దరి ఒళ్లోనూ డబ్బాలే.

ఆ కాలం ఎక్కువ నిలవలేదు. ఏడాది గడిచేసరికి ఆయన బస్సు మెట్లు ఎక్కి, సీటుదాకా వచ్చేలోపు ఒకసారి కమ్మీ పట్టుకుని ఆగడం మొదలైంది. చెప్పులు బిగుతయ్యాయని పెద్ద సైజు కొనుక్కున్నాడు. తర్వాత సెలవులు. తర్వాత బెంగళూరు ఆసుపత్రి. చూడటానికి పోతే వరండాలో ఆయన భార్య, మా వదిన, కనపడింది. మంచి అలవాట్లన్నీ చేసుకుని, మందులు తప్పకుండా వేసుకుని, రోజూ నడిచే మనిషికి ఇదేమిటని అడిగాను.

"ఆ మొదటి పొద్దే ఆలస్యమాయెనంట" అంది ఆమె. "గుండెలో ఒక పక్క అప్పుడే సచ్చిపోయిండాదంట. మిగిలిందే పని చేస్తాండాదని, ఎన్నాళ్లు చేస్తాదో చెప్పలేమని డాక్టరు ఆ పొద్దే చెప్పినాడు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టిచ్చుకున్యాడు."

పెనుకొండ కొండమీద ఆయన ఎందుకు అన్నిసార్లు ఆగాడో అప్పుడు తెలిసింది.

లోపల దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. కాళ్లు వాచి ఉన్నాయి. మొహం మాత్రం అదే. నన్ను మంచం అంచున కూర్చోమన్నాడు.

"మానుకోనేవున్యావా?"

"మానుకునే ఉండానన్నా."

"తాగాలనిపిస్తాందా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "టీ తాగినప్పుడల్లా."

"నాకూ అంతే. ఈ పొద్దు పొద్దున గూడా అనిపిచ్చె." నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చింది. అది తగ్గేదాకా నా మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వాళ్ల కూతురు ఎనిమిదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుందని చెప్పాడు. చేన్లో ఈసారి కంది వేయమని నాయనకు చెప్పానన్నాడు. బస్సు పోతుంది, బయలుదేరు అన్నాడు. రెండు వారాలకు ఫోను వచ్చింది.

దినాలకు పరిగి పోయాను. భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. వాళ్ల నాయన దొడ్డి పక్కన బండ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి పక్కన చోటు చూపించాడు.

"నువ్వు ధర్మవరం పిల్లోడివి కదా. నీకూ అదే జబ్బు వచ్చిండాదని మావోడు చెప్పినాడు. బాగుండావా ఇప్పుడు?"

"బాగుండా నాయనా. ఆయన వల్లే బాగుండా."

ముసలాయన నా వైపు తిరిగాడు. ఆయన వల్ల ఎలా అని అడిగాడు. నేను ఆశ్చర్యపోయాను. పెళ్లి నాటి సంగతి కొడుకు ఇంట్లో చెప్పనే లేదు. ధర్మవరం పిల్లోనికి బాగలేకపోతే తోడు పోయొచ్చానని మాత్రం అన్నాడట. నేను జరిగిందంతా చెప్పాను. ఆకు ముందునుంచి లేవడం, ఆటో, ఆటోలో భయం గురించి ఆయన చెప్పిన మాట. అది చెప్పినప్పుడు ముసలాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"భయమైతాండాదని వాడే అన్యాడా? వాని నోటితో?"

"అన్నాడు నాయనా."

"వాడు చిన్నప్పుడు మెట్ల బాయిలో తలకిందులుగా దూకేటోడు. భయమనే మాట వాని నోట నేను ఎన్నడూ ఇన్లేదు." ఇంటివైపు తిరిగి భార్యను కేకేశాడు. "ఏమే, ఇట్లా రా. ఈ పిల్లోడు చెప్పేది ఇను."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. ఆయన నాతో అన్నాడు, "మొదటినుంచి చెప్పు నాయనా."

నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఆమె తల దించుకుని విన్నది. ఎక్కడా ఆపలేదు, ఏడవలేదు. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"ఆకు ముందునుంచి లేసొచ్చెనంటివే, ఆ పొద్దు ఏమన్నా తిన్యాడా మావోడు?"

"తిన్నాడమ్మా. నన్ను లోపలికి తీసకపోయినాక మా బావ బయటినుంచి పెరుగన్నం పొట్లాలు తెచ్చినాడంట. ఇద్దరికని నాలుగు తెస్తే, మూడు ఆయనే తిన్నాడని మా బావ ఇప్పటికీ చెప్తాడు."

ఆమె మొహం ఎత్తింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"పెరుగన్నమంటే అంతే వాడు" అంది. "పక్కోనికి మిగల్చడు."

ముసలాయన ఆమె నవ్వుతున్నది చూశాడు. బండ మీద నా దగ్గరికి ఇంకాస్త జరిగి కూర్చుని, "ఇంగా చెప్పు నాయనా" అన్నాడు.